నేను కలిపిన జోలపాట

పోలీసు స్టేషన్లో రైటర్ అంటే కథలు రాసేవాడని కొందరు అనుకుంటారు. కాదు. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, పంచనామాలు అన్నీ కుదురుగా రాసిపెట్టే హెడ్ కానిస్టేబుల్‌ని మా డిపార్టుమెంటులో అట్లా పిలుస్తారు. చిత్తూరు చుట్టుపక్కల స్టేషన్లలో సర్వీసు సగం ఆ కుర్చీలోనే గడిపి, మొన్నమొన్ననే ఖాకీ విప్పేశాను. ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది సార్ అని అడుగుతారు. ఏ ఖూనీ కేసో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పే కేసులో ఖూనీ లేదు, దొంగతనం లేదు. ముద్దాయి ఒక బఫూన్. తప్పు చేసింది మాత్రం నేను.

మా పక్క ఎండాకాలం వస్తే ఊళ్ళలో భారతం పెడతారు. ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది దినాలు మధ్యాహ్నం హరికథ, పొద్దుగూకినాక వీధినాటకం. కడపటి రోజు పొద్దున మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. భీముడి వేషగాడు వచ్చి ఆ బొమ్మ తొడ పగలగొడితే ఆట ముగిసినట్టు. ఒకసారి మొదలుపెట్టిన భారతం దుర్యోధనుణ్ణి చంపకుండా ఆపేస్తే ఆ ఏడు వాన చుక్క పడదని జనం నమ్మకం. అందుకే భారతానికి మైకు పర్మిషన్ కోసం వచ్చే పెద్దమనుషులు కలెక్టరు దగ్గరికి పోయేవాళ్ళకంటే గట్టిగా మాట్లాడతారు.

ఈ నాటకాల్లో పద్యాలన్నీ తాతల నాటివి. ఎవడు తప్పు పాడినా ముందు వరసలో కూర్చున్న ముసలాయన సరిదిద్దేస్తాడు. బఫూన్ మాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు. వాడే కల్పించుకోవాలి. చాలామంది బఫూన్లు పాత ముక్కలనే ఊరు మార్చి వాడేస్తారు. ఆ ఏడు మా స్టేషన్ కింది ఊరికి వచ్చిన జట్టులో బఫూన్ అట్లాంటివాడు కాదు. ఇరవై మూడేళ్ళుంటాయేమో. వాళ్ళ నాయనకు కాణిపాకంలో టెంకాయల అంగడి. తిరుపతిలో డిగ్రీ చదువుతూ కాలేజీలో నాటకాలు తానే రాసి, తానే ఆడి, చదువైనాక అంగట్లో కూర్చోమంటే నాలుగు నెలలు కూర్చుని, టెంకాయలు కొనేవాళ్ళను నవ్వించి నవ్వించి, చివరికి ఈ జట్టులో చేరిపోయాడు.

వాడి పని తీరు చూడముచ్చటగా ఉండేది. మధ్యాహ్నమే ఊళ్ళోకి దిగి టీ అంగడి దగ్గర కాసేపు, మంగలి అంగడి దగ్గర కాసేపు కూర్చుని వినేవాడు. చేతిలో పిల్లలు రాసుకునే నోటు పుస్తకం. సాయంత్రానికి ఆ ఊరి సంగతులే భారతంలో దూరిపోయేవి. ఒకాయన మేకను పక్కింటివాళ్ళు కట్టేసుకున్నారని మా స్టేషన్‌కు వచ్చిన గొడవ ఒకటి ఉండింది. ఆ సాయంత్రం ధర్మరాజు జూదంలో రాజ్యాన్నీ తమ్ముళ్ళనూ ఒడ్డుతూ ఉంటే వీడు అడ్డం పోయి, "సామీ, ఆ మేకను మాత్రం ఒడ్డబాక. అది మనది కాదు, కేసు నడస్తా ఉండాది" అన్నాడు. మరుసటి పొద్దున మేక తనంతట తానే పాత ఇంటి గుంజకు చేరింది. నాకు ఒక ఫిర్యాదు తగ్గింది.

మొదటి రోజు పర్మిషన్ కాగితం కోసం వచ్చినప్పుడు వాడు నన్నొక మాట అడిగాడు. ఈ ఊళ్ళో ఎవరి మీద జోకు వేస్తే కోపం రాదు సార్ అని. నేను పెద్దరికంగా ముగ్గురి పేర్లు చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నాడు. చూస్తే ఆ ముగ్గురినీ ముట్టుకోనే లేదు. ఏమప్పా అని అడిగితే, "కోపం రానోళ్ళ మింద ఏస్తే ఎవురు నగతారు సార్" అన్నాడు. అప్పుడే నాకు వాడంటే ఇష్టం కలిగింది. కొంచెం కుళ్ళు కూడా కలిగింది. నేను అన్నేళ్ళు రాసిందంతా ఇతరులు చెప్పిన మాట. నా మాటగా ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

ద్రౌపది వస్త్రాపహరణం నాడు నేను అక్కడ బందోబస్తులో ఉన్నాను. దుశ్శాసనుడు చీర కొంగు పట్టుకున్నాడు. ద్రౌపది చేతులెత్తి కృష్ణా అని పద్యం అందుకుంది. ఆడవాళ్ళు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు మా బఫూన్ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా ద్రౌపదమ్మా, కిష్ణుడు ఎప్పుడో బయిల్దేరినాడు. అలిపిరి కాడ ఆపేసినారు. ఎవురో వి.ఐ.పి. పోతా ఉండాడంట. దుశ్శాసనా, రవ్వంతసేపు నిలుపు నాయనా, కాన్వాయ్ పోనీ."

దుశ్శాసనుడి వేషగాడు కూడా గట్టివాడే. కొంగు వదలకుండా అట్లాగే కింద చతికిలబడి, బీడీ ఉందా అని అడిగాడు. తిరుపతి పోయేదారిలో గంటలు గంటలు నిలబడి ఎండిపోయిన జనం కదా, మైదానమంతా ఊగిపోయింది. కన్నీళ్ళు తుడుచుకున్న కొంగులతోనే ఆడవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆ తరవాత వాడు ఇంకో రెండు ముక్కలేవో అన్నాడు గానీ అవి చప్పగా ఉన్నాయి. కాన్వాయ్ పోయిందన్నాడు, కృష్ణుడు వచ్చేశాడు. ఇంత మంచి సీనును ఇట్లా వదిలేశాడేమిటి, ఇక్కడ ఇంకొకటి పడాల్సింది కదా అని నాకు మనసులో పీకుతూనే ఉండింది.

మరుసటి రోజుకే ఆ సీను ఎవరి ఫోనులోనుంచో పాకి మా ఇన్‌స్పెక్టరు గారి పైఅధికారి ఫోనుకు చేరింది. మీ పరిధిలో మన మీద నాటకాలు ఆడుతున్నారటగా అని ఆయన అడిగాడట. మా ఇన్‌స్పెక్టరు మరీ చెడ్డవాడు కాదు. ఎవరు పెద్దవాళ్ళు కొండకు వచ్చినా అలిపిరి డ్యూటీ ఆయనకు తప్పేది కాదు. వీడియో కృష్ణుణ్ణి ఆపిన దగ్గరే తెగిపోయింది. మిగతాది ఏమన్నాడో తెలియాలి. నువ్వు అక్కడే ఉన్నావు గదా, అంతా రిపోర్టు రాసి పెట్టు అని నాకు చెప్పి జీపెక్కాడు.

నేను రాయడానికి కూర్చున్నాను. "సదరు బఫూన్ సదరు ద్రౌపదిని ఉద్దేశించి, సదరు కృష్ణుడు అలిపిరి వద్ద నిలుపుదల చేయబడినందున జాప్యము జరుగుచున్నదని తెలియజేయగా, హాజరైన జనము పగలబడి నవ్వినారు." ఇట్లా ఒక పేజీ సాగింది. తరవాత చప్పటి ముక్కల దగ్గరికి వచ్చాను. నా చెయ్యి ఆగింది. ఆ సీనుకు పడాల్సిన ముక్క ఎక్కడినుంచో వచ్చి కలం మొనలో కూర్చుంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ నల్లద్దాలు పెట్టుకునేవాడు. జీపులో నిటారుగా కూర్చుని రోడ్డు వైపే చూస్తూ ఉంటే ఎంత కరకు మనిషో అనిపించేది. ఆ అద్దాల వెనక ఆయన హాయిగా నిద్రపోతూ ఉంటాడని జీపులో ఆయన వెనక కూర్చునే నాకు తెలుసు, డ్రైవరుకు తెలుసు. రెండు మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా నిలబడే మనిషి, పాపం, ఆయన తప్పేమీ లేదు. కానీ నేను ఏం రాశానంటే: కృష్ణుడు అక్కడున్న పెద్ద సారును దారి వదలమని మూడు సార్లు అడిగినాడు, సారు పలకలేదు. కృష్ణుడు సాక్షాత్తూ భగవంతుడు గనుక నల్లద్దాల లోపలికి కూడా చూడగలిగినాడు. చూసి, పక్కవాళ్ళను ఊరకుండమని సైగ చేసి, పిల్లనగ్రోవి తీసి జోలపాట ఎత్తుకున్నాడు.

రాసి, ఒకటికి రెండు సార్లు చదువుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ఇన్‌స్పెక్టరు ఏ రిపోర్టూ రెండో పేజీ తిప్పడని నా ధీమా. ఆయన అలవాటు కొద్దీ సంతకం పెట్టేస్తాడు, నా ముచ్చట నాకు తీరుతుంది అనుకున్నాను. ఆ ఒక్క రిపోర్టునే ఆయన చివరిదాకా చదివాడు.

మరునాడు మధ్యాహ్నం ఆ కుర్రవాణ్ణీ గుడి ధర్మకర్తనూ స్టేషన్‌కు పిలిపించాడు. నన్నే నిలబడి పైకి చదవమన్నాడు. సదరు ద్రౌపది, సదరు దుశ్శాసనుడు అని నేను చదువుతూ ఉంటే కానిస్టేబుళ్ళు ఒక్కొక్కరే గోడవైపు తిరిగిపోయారు. జోలపాట దగ్గరికి వచ్చేసరికి కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎట్లాగో చదివేశాను.

"ఈ మాట నువ్వన్నావా, లేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లేదు సార్ అంటాడు, నా పని అయిపోతుంది అని నేను ఇష్టదైవాన్ని తలుచుకున్నాను. రిటైరు కావడానికి నాకు రెండేళ్ళు కూడా లేదు. పైఅధికారిని ఎగతాళి చేస్తూ సర్కారు కాగితంలో రాశానంటే ఆ ముసలితనంలో మెమో, ఎంక్వయిరీ. కుర్రవాడు నా వైపు తిరిగాడు. వాడి మొహంలో కోపం లేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఆ ముక్కను వాడు నోట్లో వేసుకుని రుచి చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"నేనే అన్నా సార్" అన్నాడు.

"నా అద్దాల సంగతి నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే సార్. రాసేటోనికి ఇంకొకరు చెప్పల్నా?"

ధర్మకర్త చేతులు జోడించాడు. దుర్యోధనుణ్ణి చంపకుండా ఆట నిలిపేస్తే ఊరు ఎండిపోతుంది సామీ అని మొత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆలోచించి, దుర్యోధనుణ్ణి నిక్షేపంగా చంపుకోండి, ఈ బఫూన్ మాత్రం మళ్ళీ జనం ముందరికి రాకూడదు, వస్తే కేసు, పర్మిషన్ రద్దు అన్నాడు. ధర్మకర్త ఆ మాటకు క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నాడు. ఆయనకు కావలసింది దుర్యోధనుడు, బఫూన్ కాదు. నేను రిపోర్టు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు.

బయట టీ అంగడి దగ్గర వాణ్ణి పట్టుకుని, ఎందుకప్పా ఒప్పుకున్నావు అని అడిగాను.

"అంత మంచి ముక్కను నాది కాదని ఎట్ల చెప్పేది సార్? నోరు రాలే" అన్నాడు. కాసేపు టీ చల్లార్చుకుని, "ఆ సీనుకు ముగింపు దొరక్క నేను మూడు దినాలు తన్నుకులాడినా. మీకు జోలపాట ఎట్ల తోచింది సార్?" అని అడిగాడు. రాసేవాడు ఇంకో రాసేవాణ్ణి అడిగినట్టే అడిగాడు. తలవంచుకోవాల్సిన చోట నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. అదీ ఒప్పుకోవాలి.

ఆట ఇంకా నాలుగు రోజులుంది. వాడి బదులు జట్టులో ఒక ముసలి వేషగాణ్ణి బఫూన్‌గా దించారు. మాటలు మాత్రం కుర్రవాడే ప్రతి రోజూ రాసి ఇచ్చేవాడు. ముసలాయన వాటిని ఓటరు జాబితా చదివినట్టు చదివేవాడు. జనం నవ్వేవాళ్ళు కాదు. ఒక సాయంత్రం నేను తెర వెనకకు పోయి చూశాను. కుర్రవాడు చీకట్లో నిలబడి, ముసలాయనతో పాటు ప్రతి మాటా పెదవులతో పలుకుతున్నాడు. నవ్వు రావాల్సిన చోట ఆగి, చెవి ఒగ్గి వింటున్నాడు. నవ్వు రాకపోతే తప్పు తనదేనన్నట్టు నోటు పుస్తకంలో ఏదో కొట్టేస్తున్నాడు. అది నేను చూడలేకపోయాను.

జట్టు పెద్ద చెప్పిన మాట ఇంకా ఘోరం. పోలీసులు వద్దన్న బఫూన్ మాకూ వద్దని అప్పటికే రెండు ఊళ్ళనుంచి ఫోన్లు వచ్చాయట. భారతం అయినాక వాణ్ణి ఇంటికి పంపేస్తామన్నాడు. వాళ్ళ నాయన కూడా అంగట్లోకి మనిషి కావాలని కబురు పెట్టాడట. నా చేతి దురద వల్ల ఒక మంచి ఆటగాడు బతుకంతా టెంకాయలు కొట్టుకుంటూ కూర్చోబోతున్నాడు.

పదిహేడో రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గదిలోకి పోయి నిలబడ్డాను. ఆ జోలపాట ముక్క ఆ పిల్లవాడు అననేలేదు సార్, నేను కల్పించి రాశాను అని చెప్పేశాను. ఆయన అద్దాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

"నువ్వా? సదరు, మజ్కూరు తప్ప ఇంకొక మాట తెలీనోడివి. సరే, నువ్వే రాసుంటే ఇంకొకటి చెప్పు, ఇందాం."

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మూసి మళ్ళీ తెరిచాను. తల పైన ఫ్యాను తిరుగుతూ ఉంది. గోడ మీద క్యాలెండరు ఉంది. ఎప్పుడో విన్న అత్తాకోడళ్ళ సంగతి ఒకటి గుర్తొచ్చి మొదలుపెట్టాను. సగంలో అత్త ఏమందో మరిచిపోయాను. ఇన్‌స్పెక్టరు జాలిగా, కూర్చో, నీళ్ళు తాగు అన్నాడు.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. మా జిల్లాలో ఏ మాటైనా తేలకపోతే ఆఖరి కోర్టు కాణిపాకమే. తడిబట్టలతో వినాయకుడి ముందర నిలబడి ప్రమాణం చేస్తే ఇక ఆ మాటకు తిరుగులేదు. అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడు. స్టేషన్లో పొద్దంతా బొంకినవాడు కూడా కాణిపాకం పోదాం పద అంటే నిజం కక్కేస్తాడు. అందుకని, కాణిపాకంలో ప్రమాణం చేస్తాను, ఇప్పుడే పోదాం సార్ అన్నాను.

ఇన్‌స్పెక్టరు ఎగిరిపడి లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ మాట నోట్లోనుంచి రానీబాక. పిలకాయలు గలోడివి. ఎవురో బఫూన్ కోసరం సామి ముందర అబద్ధానికి తెగిస్తావా?"

అబద్ధం కాదు మొర్రో అని నేనంటూనే ఉన్నాను. ఆయన వినలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇట్లాంటి మనసున్న మనిషిని ఇన్నేళ్ళూ తన జీపులో పెట్టుకుని తెలుసుకోలేకపోయానని బాధపడ్డాడు. రిపోర్టు చించేశాడు. ఆ పిల్లోణ్ణి ఆడుకోమని చెప్పు, పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను, నీ కోసరం చేస్తా ఉండా అన్నాడు. నేను నిజం చెబితే ఆయన నమ్మలేదు. చెయ్యని త్యాగానికి మెచ్చుకున్నాడు. సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను.

ఆ రోజంతా స్టేషన్ పనిలో ఇరుక్కుపోయి, పద్దెనిమిదో రోజు తెల్లవారి మైదానానికి పోయేసరికి ఊరంతా బిందెలతో నీళ్ళు పోస్తూ దుర్యోధనుడి బొమ్మకు మట్టి పిసుకుతోంది. మా కుర్రవాడు మోకాళ్ళదాకా బురదలో నిలబడి మట్టి తొక్కుతున్నాడు. పోయి వేషం కట్టుకో, పర్మిషన్ వచ్చింది అన్నాను. ఎట్లా వచ్చిందని అడిగాడు. జరిగిందంతా చెప్పాను. ఫ్యాను, అత్తాకోడళ్ళు, ప్రమాణం, ఏదీ దాచలేదు. వాడు నవ్వలేక బురదలోనే కూలబడ్డాడు. లేచి, మట్టి చేతుల్తోనే నోటు పుస్తకం కోసం పరుగెత్తాడు.

దుర్యోధనుడు మడుగులో దాక్కున్నాడు, భీముడు గద పట్టుకుని వెతుకుతున్నాడు. అప్పుడు మా బఫూన్ వచ్చాడు. తలకు కాగితంతో చేసిన టోపీ, చెవి మీద పెన్ను, చంకలో పెద్ద రిజిస్టరు. భీముడి ముందర బిగుసుకుని నిలబడి, సామీ, దుర్యోధనుణ్ణి తిట్టిన ఆ తిట్టు నాది, నేనే రాసినా అన్నాడు. నీ మొహానికి అంత తెలివి యాడిది, ఇంకొకటి తిట్టు చూద్దాం అన్నాడు భీముడు. బఫూన్ నోరు తెరిచాడు. మూశాడు. పైకి చూశాడు. మళ్ళీ తెరిచాడు. ఒక్క మాట లేకుండా ఎంతసేపు చేశాడో. నేను ఆ గదిలో ఎట్లా నిలబడి ఉంటానో చూడకుండానే పట్టేశాడు, నా పొట్టతో సహా. నాలుగు రోజులుగా నవ్వక బిగుసుకుపోయిన జనం పొర్లి పొర్లి నవ్వారు. దుర్యోధనుడు మడుగులోనుంచి తల బయటపెట్టి చూశాడు. జట్టు పెద్ద ఒక మూల నిలబడి నవ్వుతూనే ఎవరికో ఫోనులో, బఫూన్‌ను తీసుకునే వస్తా ఉండాం అని అరిచి చెబుతున్నాడు.

ఆ పొద్దు ఇన్‌స్పెక్టరు అక్కడ లేడు. కొండకు ఎవరో వస్తున్నారని తిరుపతి పోయాడు. నేను లాఠీ పట్టుకుని ఆడవాళ్ళ వరస పక్కన నిలబడి ఉన్నాను. నేల మీద కూర్చున్న ఒక అవ్వ బఫూన్‌ను చూసి, తలెత్తి నన్ను చూసి, మళ్ళీ బఫూన్‌ను చూసింది.

"ఏం నాయనా, వాడు ఏసేది నీ మిందేనా?"

"నా మిందే అవ్వా."

"అయితే ఆ మాట నిజంగా నువ్వే రాసినావా?"

"నేనే రాసినా."

ఆమె ఇంకొకటి చెప్పమనలేదు, ప్రమాణం అడగలేదు.

"ఏమని రాసినావు?" అంది.

నేను పక్కన గొంతుక్కూర్చుని, ఆమె చెవిలో కృష్ణుడి సంగతి, నల్లద్దాల సంగతి, జోలపాట సంగతి చెప్పాను. అవ్వ బోసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగక, పక్కకు ఒరిగిపోతూ నా లాఠీ పట్టుకుంది.